చెట్టెక్కని మనిషి మడమ

సత్తయ్య స్కానింగ్ బల్ల మీద బోర్లా పడుకొని ఉన్నాడు. పాదాలు బల్ల అంచు దాటి వేలాడుతున్నాయి. రెండు కాళ్లకూ మడమ వెనక, పిక్క కిందుగా, బొటనవేలంత లావున గట్టిగా ఉబ్బి ఉంది. అతను కేతేపల్లి దగ్గరి ఊళ్లో కల్లు గీసే మనిషి, ఇరవై ఏళ్లుగా తాటిచెట్లు ఎక్కుతున్నాడు. చెట్టెక్కేటప్పుడు రెండు పాదాలకూ కలిపి వేసుకునే తాడును గుజి అంటారు. ఆ గుజి రోజూ ఒత్తుకొని మడమ లావెక్కిందని అతనికి చెప్పాను. చెప్పి, రిపోర్టులో అదే రాస్తున్నాను.

పక్కన నిలబడి ఉన్న అతని అక్క యాదమ్మ నవ్వింది.

“గంత సదువుకున్నవ్, గిదేం మాటమ్మా? గుజి ఒత్తి లావైందా?” అంటూ కుడికాలు ఎత్తి బల్ల అడుగుకమ్మీ మీద పెట్టింది. చీర కుచ్చిళ్లు జరిపి మడమ చూపించింది. “మరి నాదెందుకు లావైంది? ఆడోళ్లు చెట్టెక్కుతరా?”

నేను కలం కింద పెట్టి ఆమె మడమ పట్టుకొని చూశాను. తమ్ముడిది ఎలా ఉందో అక్కది అలాగే ఉంది. ఇంకొంచెం గట్టిగా, గింజలు గింజలుగా తగిలింది.

తలుపు దగ్గర మా ఎక్స్‌రే టెక్నీషియన్ ఖాజా భాయి నిలబడి ఉన్నాడు. “మేడం, గీసోంటి మడిమె ఇంకోటి జూసినం మనం. యాదున్నదా? ఫిలిం నా కాడనే ఉన్నది” అన్నాడు. పాత ఫిలిములను వెండి కోసం కొనుక్కుపోయేవాళ్లు వచ్చినప్పుడల్లా, వింతగా అనిపించిన నాలుగైదు ఫిలిములను అతను తీసి దాచేవాడు. వెళ్లి ఒక కవరు తెచ్చాడు. మడమ పక్క నుంచి తీసిన ఎక్స్‌రే. ఎముక మామూలుగానే ఉంది. ఎముక వెనక ఉండాల్సిన సన్నని నీడ మాత్రం మూడింతలు లావుగా ఉంది. కవరు మీద లింగయ్య అనే పేరు ఉంది.

“గాయిన మా పెద్దన్ననే. పోయి నాలుగేండ్లాయె” అన్నాడు సత్తయ్య, బోర్లా పడుకునే.

కవరులో నా చేతిరాతతో రిపోర్టు కూడా ఉంది. ‘వృత్తి ఒత్తిడి వల్ల మడమ వెనక మందం. భయపడాల్సింది లేదు.’

స్కానింగ్, ఎక్స్‌రే గదుల్లో కొత్తగా కుదురుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ఉద్యోగ జీవితంలో దేనికైనా విలువ ఉందంటే, ఆ సోమవారం పొద్దున తర్వాత చేసిన పనికే ఉంది. అంతకుముందు చేసిన పొరపాటు చెప్పకుండా దాని గురించి చెప్పలేను.

లింగయ్య

తొంభైల మొదట్లో లింగయ్య నల్లగొండలో మా చిన్న ప్రైవేటు దవాఖానకు వచ్చాడు. చెప్పుల పట్టీ మడమకు ఒరుసుకొని నొప్పి పెడుతోందని వచ్చాడు, అంతే. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉన్నాడు. ఎక్స్‌రే చూశాను. ఏం పని చేస్తావని అడిగాను. చెట్లెక్కుతానన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఆలోచన ఆగిపోయింది. మా ప్రాంతంలో అందరికీ అలవాటైన పొరపాటే అది. గీసేవాళ్ల కాళ్లు ఎలా ఉన్నా ఆ తాడు వల్లేనని ఊరు అనుకుంటుంది, వాళ్లూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

“చెట్టెక్కొచ్చునా అమ్మా?” అని అడిగాడు.

“ఎక్కు. జర పాత గుడ్డ చుట్టుకో మడిమెకు.”

ఐదు నెలల తర్వాత అతను చనిపోయాడు. ఎలా పోయాడో నాకు నాలుగేళ్లకు, యాదమ్మ నోటివెంట తెలిసింది. “చెట్టు మీదికెల్లి పడ్డడని ఊరంత అన్నరు. పడలేదమ్మా. దిగిండు, గుజి ఇప్పిండు, కల్లు లొట్టి కింద పెట్టిండు, చెట్టుకు ఒరిగి కూసున్నడు. గంతే.” గుండె అని ఎవరూ అనలేదు. చెట్టు కింద పోయిన గీత కార్మికుడి గుండె గురించి ఎవరు అడుగుతారు?

పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటి భాగాన్ని జనం నరం అంటారు, మేం టెండన్ అంటాం. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. రక్తంలోని కొలెస్ట్రాల్‌ను కాలేయం సరిగా లాగేసుకోలేదు. తిండితో దీనికి సంబంధం తక్కువ. జొన్న గటక తిని బతికే మనిషికీ ఉంటుంది. ఆ కొవ్వు ఏళ్ల తరబడి గుండె రక్తనాళాల్లో పేరుకుంటుంది, టెండన్లలోనూ పేరుకుంటుంది. గుండెలో పేరుకున్నది బయటికి కనిపించదు. మడమలో పేరుకున్నది చేతికి తగులుతుంది, ఇంకా ముందుగా అయితే స్కానింగులో కనిపిస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

లింగయ్య మడమలోని నీడ ఇదంతా చెప్పింది. నేను అతని వృత్తిని మాత్రమే చదివాను. అందుకే కొత్తగా చేరినవాళ్లకు ఒకటే చెప్తాను: రిపోర్టులో కనిపించింది రాయండి, కొలత రాయండి. కారణం తెలియకపోతే తెలియదనే రాయండి. ‘భయపడాల్సింది లేదు’ అనే మాట రాసే ముందు రెండుసార్లు ఆలోచించండి. రోగి ఇంటికి తీసుకుపోయేది ఆ మాటనే.

పాలమూరు పాప

నాకు తెలిసి ఉండాల్సింది. ఎనభైల్లో నేను ఉద్యోగం మొదలుపెట్టింది పాలమూరులో. అక్కడ ఒకరోజు తొమ్మిదేళ్ల పాపను సర్జను దగ్గరికి తెచ్చారు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, మడమల మీద పసుపురంగు బుడిపెలు. పులిపిర్లు అనుకున్నారు. తోటిపిల్లలు వెక్కిరిస్తున్నారని తల్లి ఏడ్చింది. ఆ తల్లిదండ్రులు మేనమామ, మేనకోడలు. ఎముకలకు ఏమైనా సంబంధం ఉందేమోనని నన్ను ఎక్స్‌రే తీయమన్నారు. లేదని రాశాను. బుడిపెలు కోశారు. కుట్లు చక్కగా మానాయి. మేమంతా సంతోషించాం.

ఆ పాప తర్వాతి వానాకాలంలో బడి ఆవరణలో పరుగెత్తుతూ పడిపోయింది. మళ్లీ లేవలేదు. రక్తం పరీక్ష చేయించాలని మాలో ఎవరికీ తోచలేదు. ఈ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే బిడ్డకు పదేళ్లకే గుండె జబ్బు రావచ్చని నేను ఎన్నో ఏళ్ల తర్వాత ఒక పత్రికలో చదివాను. చదువుతుంటే ఆ మోచేతులు కళ్ల ముందుకొచ్చాయి. ఆ పేజీని మడిచి బీరువాలో పెట్టాను. అది చదివిన తర్వాత కూడా సత్తయ్య మడమ చూసి గుజి అనే అన్నానంటే, అలవాటు మనిషిని ఎంత మొద్దుబారుస్తుందో అర్థం చేసుకోండి.

మడమలో దేవులాట

మా దవాఖాన నడిపే పెద్ద డాక్టరు గారు గుండె, ఊపిరితిత్తులు బాగా తెలిసిన మనిషి. మాటకారి. సత్తయ్య మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని వస్తే ఛాతీ ఎక్స్‌రేకి పంపింది ఆయనే. అతని మడమలు చూసి స్కానింగ్ గదికి తెచ్చింది ఖాజా భాయి.

“గుండె ఛాతీల ఉంటది మేడం. మీరు మడిమెల దేవులాడుతున్నరు” అన్నారాయన.

“ఛాతీల ఉన్నది నా మిషినుకు కనవడది సార్. మడిమెల ఉన్నది కనవడుతది.”

“ఆ మిషిను కడుపుల కోసం కొన్నం.”

అది నిజమే. ఆ రోజుల్లో స్కానింగ్ అంటే గర్భిణులే. సత్తయ్యను పడుకోబెట్టినప్పుడు కూడా, “కడుపుతోటి ఉన్నోళ్ల బల్ల మీద నన్ను పండవెట్టిన్రు. మావోళ్లకు తెలిస్తే నన్ను ఊర్ల తిరగనియ్యరు” అని గొణిగాడు. మా దగ్గరున్న ప్రోబు, అంటే ఒంటి మీద ఆనించే పిడి, లోతుగా ఉన్నవాటిని చూడడానికి తయారైంది. చర్మం కిందే ఉన్న టెండన్ దాంట్లో అలుక్కుపోయినట్టు కనిపించేది. దూరం పెంచడానికి ఆపరేషన్ చేతి తొడుగులో నీళ్లు నింపి, ముడివేసి, మడమ మీద పెట్టి, దాని మీద ప్రోబు ఆనించాను. బుడగ జారిపోతూ ఉండేది. ఖాజా భాయి రెండు చేతులతో పట్టుకునేవాడు.

ముందు మామూలు మడమ ఎలా ఉంటుందో తెలియాలి. నాది చూశాను, ఖాజా భాయిది చూశాను, నర్సులవి చూశాను. మగ్గం మీది పడుగు దారాల్లా సన్నని గీతలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా కనిపించాయి. మందం ఐదారు మిల్లీమీటర్లు. సత్తయ్యది పదమూడు. గీతలు చెదిరిపోయి మధ్యలో నల్లని మచ్చలు. యాదమ్మది కూడా అంతే.

“గీసేటోళ్లందరికి గట్లనే ఉంటదేమో, మీరు చూసిన్రా?” అని పెద్ద డాక్టరు గారు అడిగారు. నాకు కోపం వచ్చింది. కానీ న్యాయమైన ప్రశ్న. సత్తయ్యతో చెప్పి వాళ్ల సంఘం నుంచి ఆరుగురు గీత కార్మికులను పిలిపించాను. వాళ్లలో ఎవరూ అతని చుట్టాలు కారు. ఆరుగురూ ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ వరుసగా పడుకున్నారు. “గౌడన్నకు మొగపిలగాడేనట” అని ఒకరు, “కవలలు, రెండు మడిమెలు గదా” అని ఇంకొకరు. ఆరుగురికీ పాదాల మీద తాడు ఒరిసిన చోట చర్మం కాయలు కాసి ఉంది. లోపల టెండన్ మాత్రం ఖాజా భాయిది ఉన్నట్టే ఉంది. తాడు చర్మాన్ని మందం చేస్తుంది, టెండన్‌ను కాదు.

ఆ బొమ్మలు పెద్ద డాక్టరు గారి బల్ల మీద పరిచాను. చాలాసేపు చూశారు. “రక్తం రిపోర్టు లేకుండ నేను మందు రాయను” అన్నారు. ఈసారి ఆయన మాటే సరి. బొమ్మ ఒక్కటే చాలదు. రక్తం ఒక్కటీ చాలదు, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. రెండూ కలిసి, దానికి తోడు ఇంట్లో చిన్న వయసు చావు ఉంటే, అప్పుడు వంశపారంపర్యం అనవచ్చు. రక్తం సీసాలను ఐసులో పెట్టి హైదరాబాదు బస్సులో పంపాం. అక్కాతమ్ముళ్ల కొలెస్ట్రాల్ అంకెలు చూసి పెద్ద డాక్టరు గారు స్వయంగా నా గదికి వచ్చి కుర్చీ లాక్కున్నారు. అప్పుడే కొత్తగా వస్తున్న మాత్రలను ఇద్దరికీ రాశారు, సత్తయ్య చేత చెట్టెక్కడం మాన్పించారు. ఆ తర్వాత ఎవరికైనా చిన్న వయసులో ఛాతీ నొప్పి వస్తే, “మడిమెలు జూసినవా?” అని జూనియర్లను అడిగే అలవాటు ఆయనకే వచ్చింది.

రెండు పేర్ల నడుమ గీత

రక్తం రిపోర్టులు వచ్చిన రోజు ఒక తెల్లకాగితం తీసుకొని ఆ కుటుంబం పటం గీశాను. లింగయ్య కింద ఎవరూ లేరు, అతనికి పిల్లలు కలగలేదు. యాదమ్మ కింద కొడుకు శ్రీను, ఇరవై మూడేళ్లు, నకిరేకల్‌లో లారీల మెకానిక్. సత్తయ్య కింద కూతురు సుజాత, పద్దెనిమిది నిండాయి, ఇంటర్ పరీక్షలు రాసింది.

యాదమ్మ కాగితం మీదికి వంగి చూసింది. చదువు రాకపోయినా నేను చెప్తుంటే ఏ చుక్క ఎవరో పట్టేసింది. శ్రీను మీద ఒక వేలు, సుజాత మీద ఒక వేలు పెట్టి, “గీ రెంటి నడుమ గూడ గీత గియ్యమ్మా. వచ్చే నెలల లగ్గం” అంది.

నేను గీయలేదు. ఇద్దర్నీ తీసుకురమ్మన్నాను.

శ్రీను మడమ తొమ్మిది మిల్లీమీటర్లు, లోపల ఒక నల్లమచ్చ. చేతికి ఇంకా ఏమీ తగలడం లేదు. రక్తంలో అంకె ఎక్కువ. అతనికి ఉంది, అనుమానం లేదు. సుజాత మడమ శుభ్రంగా ఉంది. రక్తంలో అంకె మాత్రం అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగింది. ఆ వయసులో టెండన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం. చాలామందికి ఇరవై దాటాకే మందమవుతుంది.

ఇద్దరికీ ఉండి పెళ్లయితే, పుట్టే ఒక్కో బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం, రెండు వైపులా వచ్చే అసలు ప్రమాదానికి. సుజాతకు లేకపోతే ఆ ప్రమాదమే లేదు. మొత్తం ఆమె మీద ఆధారపడి ఉంది. ఆమె విషయమే నేను తేల్చలేకపోయాను. మూడు నాలుగేళ్లు ఆగి మళ్లీ చూస్తే తేలవచ్చు. లగ్గం మూడు వారాల్లో ఉంది.

అందరినీ కూర్చోబెట్టి పాలమూరు పాప సంగతి చెప్పాను. దాచకుండా, నేను రాసిన ఎక్స్‌రే రిపోర్టుతో సహా. ఈ పెళ్లి ఆపండి, లేదా తేలేదాకా ఆగండి అన్నాను.

యాదమ్మ ముఖంలో నవ్వు పోయింది. “మా అన్నకు భయం లేదని రాసిచ్చినవ్. ఇప్పుడు నా కొడుకుకు భయమున్నదంటున్నవ్. ఏది నమ్మాలె?”

“రెండోది” అన్నాను.

“నా కొడుకు కాలు జూసి నా తమ్ముని బిడ్డను ఇయ్యొద్దంటవ్. మావోళ్ల ఇండ్లల్ల ఎప్పటికెల్లి చేసుకుంటలేము? అందరు సచ్చిన్రా?”

“అందరు సావరు యాదమ్మా. మీ అన్న పోయిండు గద.”

ఆ మాట కఠినమే. మళ్లీ చెప్పాల్సి వచ్చినా అదే చెప్తాను.

సుజాత తల్లి లేని పిల్ల, మేనత్త చేతుల మీద పెరిగింది. నా వైపు సూటిగా చూసి, “నాకున్నదా లేదా, ఒక్కటి చెప్పు మేడం” అంది.

“తెలుస్తలేదమ్మా.”

“తెల్వకుంటనే ఆపుమంటున్నవా?”

“అవును.”

శ్రీను టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. సత్తయ్య కూతురు వంక, అక్క వంక చూసి చివరికి అన్నాడు: “అక్కా, లింగన్నను నేనే భుజం మీదేసుకొని తెచ్చిన తాటివనం కెల్లి. ఇగ నాతోటి గాదు. ఆపుదాం.”

“ఆపుకో” అంది యాదమ్మ. “నీ ఇంటి గడప తొక్క ఇగ.”

తర్వాత

యాదమ్మ మాట మీద నిలబడింది. తమ్ముడి ఇంటికి పోలేదు. కానీ మందు మానలేదు, పరీక్షలకు రావడం మానలేదు. కోపం నా మీద ఉన్నా నా స్కానింగ్ మీద ఆమెకు నమ్మకం పోలేదు. ఖాజా భాయి తమ్ముడికి సోమవారం, అక్కకు గురువారం రాసేవాడు. ఒకసారి పండగ సెలవు వల్ల ఇద్దరూ ఒకేరోజు వచ్చారు. వసారాలో చెరో బల్ల మీద కూర్చున్నారు. “ఎట్లున్నది పానం?” అని యాదమ్మ అడిగింది, గోడ వంక చూస్తూ. “మంచిగనే ఉన్నది” అన్నాడు సత్తయ్య. నేను విన్నంతలో వాళ్లు మాట్లాడుకున్నది అంతే.

సత్తయ్య చెట్లు వదిలి సంఘం కల్లు డిపోలో కూర్చున్నాడు. అరవై దాటిన తర్వాత కూడా నన్ను చూడడానికి వచ్చాడు. శ్రీను ఊరవతలి సంబంధం చేసుకున్నాడు. అతని పెద్దకొడుక్కి ఒక వైపు నుంచి జబ్బు వచ్చింది. చిన్నప్పుడే పట్టుకున్నాం, మందు వాడుతున్నాడు. ఖాజా భాయి, నేను కలిసి ఆ తర్వాత అలాంటి ఇళ్లు ఇంకా కొన్ని వెతికి పట్టుకున్నాం. ప్రతిసారీ, ఇంట్లో ఒకరు దొరికితే తక్కినవాళ్లందరినీ పిలిపించాను. రాకపోతే మనిషిని పంపాను. విసుక్కున్నవాళ్లున్నారు, దవాఖానకు గిరాకీ కోసమని అన్నవాళ్లున్నారు. అననిచ్చాను.

ఆ పెళ్లి ఆపించి తప్పు చేశానా అని ఖాజా భాయిని ఒకసారి అడిగాను. “మేడం, తప్పు చేసినట్టు తెలిస్తె గదా ఫికర్ చెయ్యాలె” అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇంతకంటే మంచిది నా దగ్గరా లేదు.

మరుసటి ఏడు సుజాతకు హుజూర్‌నగర్ వైపు సంబంధం కుదిరింది. వరుడు బయటివాడు. నాలుగేళ్లకు మళ్లీ వచ్చి మడమ చూపించుకుంటానని నాకు మాటిచ్చింది. ఆ గడువు దాటాక రెండు ఉత్తరాలు రాశాను. సత్తయ్య కూడా రెండుసార్లు చెప్పాడట. “మల్ల గా గదిలకు రాను బాపూ” అన్నదట. ఆమెకు ఇద్దరు పిల్లలు. వాళ్ల రక్తం ఎవరూ పరీక్షించలేదు. సుజాతకు ఆ జబ్బు ఉందో లేదో, ఆ పెళ్లి ఆపాల్సిందో కాదో, ఇది రాస్తున్న రోజుకు కూడా తెలియదు.